హరికేన్ విరాళాలు: డబ్బు ముందు వస్తుంది, దాని వంతు చివర వస్తుంది

పెద్ద హరికేన్ ఒకటి అమెరికా తీరాన్ని తాకిన వారం రోజుల్లోనే విరాళాలు కోట్ల డాలర్లకు చేరుకోవడం, ఏడాది తిరిగాక కూడా అదే ప్రాంతంలో నీలి టార్పాలిన్ కప్పిన ఇళ్లు కనిపిస్తూనే ఉండడం, రెండూ మామూలైపోయాయి. ఆ డబ్బంతా ఏమైందన్న ప్రశ్న అప్పుడు సహజంగానే పుడుతుంది. స్వచ్ఛంద సంస్థలే దిగమింగాయన్నది తరచుగా వినిపించే సమాధానం. కొన్ని సందర్భాల్లో సంస్థల నిర్వాకం నిజంగానే విమర్శకు తగినట్టుగా ఉంది. అయితే ఎక్కువ సందర్భాల్లో ఆలస్యానికి మూలం మరొక చోట ఉంది. అమెరికా విపత్తు సహాయ వ్యవస్థ ప్రైవేటు విరాళాన్ని వరుసలో చివర నిలబెట్టింది. దాత మాత్రం తన డబ్బు మొదటి రోజే ఖర్చు కావాలని కోరుకుంటాడు. హరికేన్ సహాయంలో కనిపించే చిక్కుముడులు చాలావరకు ఈ వైరుధ్యం నుంచి పుట్టినవే.

ముందు ఆ వరుస ఏమిటో చూడాలి. విపత్తు సహాయానికి ఆధారమైన స్టాఫర్డ్ చట్టం 1988లో వచ్చింది. రాష్ట్ర గవర్నరు కోరిన మీదట అధ్యక్షుడు ఒక ఘటనను భారీ విపత్తుగా ప్రకటిస్తే, ఫెమా అన్న పొట్టిపేరుతో అందరికీ తెలిసిన సమాఖ్య అత్యవసర నిర్వహణ సంస్థ రంగంలోకి దిగుతుంది. ఇల్లు దెబ్బతిన్న కుటుంబం ముందుగా తన బీమా కంపెనీని ఆశ్రయించాలి. బీమా ఇవ్వని దానికి ఫెమాకు దరఖాస్తు పెట్టుకోవాలి. అదీ చాలకపోతే స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ ఇచ్చే తక్కువ వడ్డీ రుణం కోసం ప్రయత్నించాలి. ఆ సంస్థ పేరులో చిన్న వ్యాపారాలు ఉన్నప్పటికీ, విపత్తుల సమయంలో సొంత ఇళ్లవారికి, అద్దె ఇళ్లవారికి కూడా అది అప్పులిస్తుంది. ఇవన్నీ తేలిన తర్వాత మిగిలే లోటును పూడ్చడమే స్వచ్ఛంద సంస్థల వంతుగా ఈ పద్ధతి నిర్ణయించింది.

ఈ వరుసను తప్పితే బాధితుడికే నష్టం జరగవచ్చు. స్టాఫర్డ్ చట్టంలోని 312వ సెక్షన్ ప్రకారం ఒకే నష్టానికి రెండు చోట్ల నుంచి సహాయం పొందకూడదు. ఒక సంస్థ ఉత్సాహం కొద్దీ తొలివారంలోనే ఒక కుటుంబానికి ‘ఇంటి పైకప్పు మరమ్మతు కోసం’ అని రాసి 8,000 డాలర్లు ఇచ్చిందనుకుందాం. అదే పైకప్పుకు ఫెమా ఇవ్వగలిగిన మొత్తంలోంచి ఆ 8,000 తగ్గిపోయే అవకాశం ఉంటుంది. అప్పుడు దాత ఇచ్చిన డబ్బు బాధితుడి చేతిలో అదనంగా నిలవదు; ప్రభుత్వ ఖజానాకు మిగులుతుంది. అందుకే అనుభవమున్న సంస్థలు తొలిరోజుల్లో తిండికి, బట్టలకు, ప్రయాణానికి, గుడారాలకు మాత్రమే ఖర్చుపెట్టి, ఇళ్ల నిర్మాణానికి ఉద్దేశించిన పెద్ద మొత్తాలను కావాలనే ఆపి ఉంచుతాయి. బయటి నుంచి చూసేవారికి అది డబ్బును బ్యాంకులో దాచుకోవడంగా కనిపిస్తుంది. ఈ కారణాన్ని దాతలకు ముందే వివరించి చెప్పని సంస్థలు తమ మీద అనుమానాన్ని తామే కొనితెచ్చుకుంటున్నాయని చెప్పక తప్పదు.

మిగిలే లోటు చిన్నదేమీ కాదు. అమెరికాలో మామూలు గృహ బీమా వరద నష్టాన్ని భరించదు. దానికోసం 1968లో ఏర్పడిన జాతీయ వరద బీమా పథకం కింద విడిగా పాలసీ తీసుకోవాలి. ఇంటి కట్టడానికి ఆ పథకం ఇచ్చే గరిష్ఠ పరిహారం 2.5 లక్షల డాలర్లు, సామానుకు లక్ష డాలర్లు. తుపాను హెచ్చరిక విని పరుగెత్తినా ఉపయోగం ఉండదు, ఎందుకంటే సాధారణంగా పాలసీ తీసుకున్న 30 రోజులకు గానీ అది అమలులోకి రాదు. గాలి వల్ల కలిగే నష్టానికి గృహ బీమా వర్తించినప్పటికీ, తీరప్రాంత పాలసీల్లో హరికేన్ నష్టంలో మొదటి భాగాన్ని పాలసీదారే భరించాలన్న షరతు ఉంటుంది. అది తరచుగా ఇంటి బీమా విలువలో 2 నుంచి 5 శాతం. మూడు లక్షల డాలర్లకు బీమా చేసిన ఇంటి మీద 5 శాతం అంటే తొలి 15,000 డాలర్ల ఖర్చు ఇంటివారిదే. ఇక ఫెమా సహాయం నష్టపరిహారం కాదు, ఇంటిని నివాసయోగ్యంగా చేయడానికి ఇచ్చే చేయూత మాత్రమే. 2024 సెప్టెంబరులో హెలీన్ హరికేన్ వచ్చేనాటికి ఇంటికి సంబంధించి ఆ సంస్థ ఇవ్వగల గరిష్ఠ మొత్తం 42,500 డాలర్లు. చాలామందికి అందేది అందులో కొంత భాగమే. అదే సమయంలో ఫెమా మొత్తం మీద 750 డాలర్లే ఇస్తుందన్న వదంతి విపరీతంగా పాకింది. నిజానికి ఆ 750 తక్షణ అవసరాల కోసం మొదట ఇచ్చే మొత్తం. ఇంటి సహాయం దానికి వేరు. ఆ వదంతిని నమ్మి దరఖాస్తు పెట్టకుండా ఊరుకున్న కుటుంబం వరుసలో రెండో మెట్టునే పోగొట్టుకున్నట్టు.

హెలీన్ ఫ్లోరిడా తీరాన్ని తాకినా, అత్యంత ఘోరమైన నష్టం వందల మైళ్ల దూరంలో, పశ్చిమ నార్త్ కరోలినా కొండల్లో జరిగింది. సముద్రానికి అంత దూరంలో, అంత ఎత్తున ఉన్నవాళ్లు వరద బీమా తీసుకోవాలని ఎందుకనుకుంటారు? అక్కడ ఆ పాలసీ ఉన్న ఇళ్లు బహు స్వల్పం. బీమా అన్న మొదటి మెట్టే లేనప్పుడు భారమంతా తర్వాతి మెట్ల మీద పడుతుంది.

మరొక అడ్డంకి కాగితాలది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, ముఖ్యంగా నల్లజాతి గ్రామీణ కుటుంబాల్లో, తాతముత్తాతల నాటి ఇల్లు వీలునామా లేకుండానే తరాలు మారుతూ వచ్చి, పట్టా ఎవరి పేరునా స్పష్టంగా ఉండదు. అమెరికా పాలనలోని కరీబియన్ దీవి ప్యూర్టోరికోలోనూ ఇదే పరిస్థితి. 2005 నాటి కత్రినా హరికేన్ తర్వాత, 2017 నాటి మారియా హరికేన్ తర్వాత ఇలాంటి కుటుంబాలు యాజమాన్యాన్ని రుజువు చేసుకోలేక ఫెమా సహాయానికి దూరమయ్యాయి. ఉచిత న్యాయ సహాయ సంస్థలు ఈ కేసులను ఒక్కొక్కటిగా భుజాన వేసుకుని పోరాడాయి. 2021లో ఫెమా తన నిబంధన సడలించి, ఇతర పత్రాలు లేనప్పుడు యజమాని స్వయంగా రాసి ఇచ్చే ధ్రువీకరణను కూడా అంగీకరించడం మొదలుపెట్టింది. విరాళంతో ఒక లాయరు జీతం కట్టడమంటే దాతకు ఆకర్షణీయంగా ఉండకపోవచ్చు. కానీ ఆ లాయరు గెలిపించిన ఒక్కొక్క దరఖాస్తు వేల డాలర్ల ప్రభుత్వ సహాయాన్ని ఒక ఇంటికి తెచ్చిపెడుతుంది. దుప్పట్లు పంచడం కంటే ఇది ఎన్నో రెట్లు లాభసాటి దానమని నా అభిప్రాయం.

తొలి వారాల పని

పొయ్యి వెలిగించడం, తలదాచుకునే చోటు చూపడం అన్న పనుల్లో మాత్రం స్వచ్ఛంద సంస్థలు చివర ఉండవు, అందరికంటే ముందుంటాయి. ఈ సంప్రదాయం పాతది. 1900 సెప్టెంబరు 8న టెక్సస్‌లోని గాల్వెస్టన్ నగరాన్ని ముంచెత్తిన హరికేన్‌లో కనీసం 6,000 మంది చనిపోయారు. అమెరికా చరిత్రలో అంతకంటే ఎక్కువమందిని బలిగొన్న ప్రకృతి విపత్తు లేదు. అమెరికన్ రెడ్ క్రాస్‌ను 1881లో స్థాపించిన క్లారా బార్టన్ అప్పటికి 78 ఏళ్ల వయసులో స్వయంగా అక్కడికి వెళ్లింది. ఆమె బృందం చేసిన పనుల్లో ఒకటి ఈనాటికీ గమనించదగినది: పంటలు కొట్టుకుపోయిన చుట్టుపక్కల రైతులకు 15 లక్షల స్ట్రాబెర్రీ మొక్కలు అందించారు. వండిన అన్నం ఒక పూటకు సరిపోతుంది, మొక్క వచ్చే పంటకాలానికి ఆదాయమవుతుంది. ఈ తేడాను ఆనాడే గుర్తించారన్నమాట. సాల్వేషన్ ఆర్మీ పెద్దఎత్తున విపత్తు సహాయంలోకి దిగినదీ గాల్వెస్టన్‌తోనే.

నేటి పని విభజన అక్కడి పాఠకులకు కూడా అంతగా తెలియదు. శిబిరం నడిపేది, భోజనాల వ్యాన్ తిప్పేది రెడ్ క్రాస్ అయినా, ఆ భోజనాన్ని చాలాచోట్ల వండేది సదరన్ బాప్టిస్ట్ డిజాస్టర్ రిలీఫ్ వాలంటీర్లు. 1967లో బ్యూలా హరికేన్ టెక్సస్‌ను తాకినప్పుడు చిన్న చిన్న పొయ్యిల మీద వండిపెట్టడంతో మొదలైన ఈ పని, ఇప్పుడు రోజుకు వేల భోజనాలు తయారుచేయగల సంచార వంటశాలలుగా ఎదిగింది. పసుపు చొక్కాల వాలంటీర్లు వండి వేడి నిలిపే పెట్టెల్లో సర్దితే, రెడ్ క్రాస్ వాహనాలు వాటిని వీధివీధికీ తీసుకువెళతాయి. 1969లో కమిల్ హరికేన్ తర్వాత ఒకే వీధికి నాలుగు సంస్థలు వెళ్లి, పక్క వీధికి ఒక్కటీ వెళ్లని గందరగోళం చూసిన సంస్థలు 1970లో ఒక సమన్వయ వేదికను ఏర్పాటు చేసుకున్నాయి. అందులో ఒక్కొక్కరిది ఒక్కొక్క నైపుణ్యం. క్రైస్తవ శాఖల్లో అడ్వెంటిస్టులు గిడ్డంగులు నిర్వహిస్తారు, మెనొనైట్లు ఇళ్లు కడతారు, మెథడిస్టులు బాధితుల కేసులు చూసుకునే కార్యకర్తలకు శిక్షణ ఇస్తారు, మాజీ సైనికులతో 2010లో ఏర్పడిన టీమ్ రూబికాన్ కూలిన చెట్లు కోసి దారులు తెరుస్తుంది.

నీళ్లు తీసిన ఇంటిలో జరిగే పనిని దగ్గర నుంచి చూస్తే వాలంటీరు శ్రమ విలువ తెలుస్తుంది. తడిసిన గోడపలకలను నేల నుంచి నాలుగడుగుల ఎత్తు వరకు, నీరు ఇంకా పైకి చేరి ఉంటే పైకప్పు దాకా, కోసి తీసేయాలి. లోపల తడిసి ముద్దయిన ఇన్సులేషన్‌ను లాగి సంచుల్లో నింపాలి. బయటపడిన కర్రలకు బూజు మందు పట్టించి, పూర్తిగా ఆరేదాకా ఫ్యాన్లు తిప్పాలి. తడి ఉండగా కొత్త పలకలు బిగిస్తే నెలరోజుల్లో బూజు మళ్లీ లేస్తుంది. అసలు చెయ్యి వేయకముందే ప్రతి గదినీ, గోడ మీద నీరు నిలిచిన గీతనూ, పాడైన ప్రతి వస్తువునూ ఫొటో తీయాలి, లేకపోతే బీమా అధికారి వచ్చేసరికి ఆధారమంతా రోడ్డు పక్క చెత్తకుప్పలో ఉంటుంది. ఈ పనిని కాంట్రాక్టరుకు అప్పగిస్తే వేల డాలర్లవుతుంది. శిక్షణ ఉన్న పదిమంది వాలంటీర్లు రెండు మూడు రోజుల్లో ఉచితంగా పూర్తిచేస్తారు. వారు సంతకం పెట్టే హాజరు పట్టీకి కూడా విలువ ఉంది. రోడ్లు, ప్రభుత్వ భవనాల పునరుద్ధరణ ఖర్చులో సాధారణంగా 75 శాతం ఫెమా భరిస్తే, మిగతా 25 శాతం రాష్ట్రం, స్థానిక ప్రభుత్వాలు పెట్టుకోవాలి. అర్హమైన పనుల్లో వాలంటీర్లు పనిచేసిన గంటలను లెక్కగట్టి ఆ వాటాలో చూపించుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి.

వస్తువులు ఎందుకు భారమవుతాయి

1998 అక్టోబరు చివరలో మిచ్ హరికేన్ మధ్య అమెరికాను తాకి, ముఖ్యంగా హొండురాస్, నికరాగువాల్లో వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ సమయంలో సహాయ సామగ్రితో వచ్చిన ఒక విమానం హొండురాస్‌లో దిగలేకపోయింది. కారణం, రన్‌వే మీద విరాళంగా వచ్చిన బట్టల మూటలు, పెట్టెలు పరచుకుని ఉన్నాయి. అందులో ఒక హై హీల్ చెప్పు, అదీ ఒంటిది, ఒక మూట నిండా చలికోట్లు కనిపించాయని సమన్వయ బాధ్యతలు చూసిన అమెరికా అధికారి ఒకరు తర్వాత వెల్లడించారు. ఉష్ణమండల దేశానికి చలికోట్లు పంపినవారిలో చెడు ఉద్దేశం ఎవరికీ లేదు. ఇంట్లో ఉన్నది ఇచ్చారు. కానీ అడగకుండా వచ్చిన ప్రతి మూటనూ ఎవరో ఒకరు దించాలి, విప్పాలి, వేరుచేయాలి, భద్రపరచాలి, చివరికి పారవేయాలి. ఆ మనుషులూ, ఆ లారీలూ, ఆ స్థలమూ మందులకూ నీటికీ కావలసినవే. విపత్తు సహాయ రంగంలో దీనిని ‘రెండో విపత్తు’ అనే పిలుస్తారు.

అవసరమైన వస్తువులు కూడా పంపిణీ ఏర్పాటు లేకపోతే ఇదే దారి పడతాయి. 2017 సెప్టెంబరు 20న మారియా ప్యూర్టోరికోను ధ్వంసం చేసిన 11 నెలలకు, శాన్ హువాన్‌లోని ఎన్నికల కమిషన్ ఆవరణలో కనీసం పది ట్రెయిలర్ల నిండా విరాళంగా వచ్చిన ఆహారం, నీళ్లు, పసిపిల్లల సామగ్రి ఎలుకల పాలై కనిపించాయి. అంతకు ముందు ఏడాది అదే దీవిలో జనం నీటికోసం కొండ ఊటల దగ్గర వరుసలు కట్టారు. సరుకు దీవికి చేరింది, చివరి పది మైళ్లు దాటలేదు.

వస్తువులు వద్దేవద్దని దీని అర్థం కాదు. 2012 అక్టోబరు 29న శాండీ న్యూజెర్సీ తీరాన్ని తాకిన తర్వాత, ఆక్యుపై శాండీ పేరుతో పనిచేసిన న్యూయార్క్ యువకులు ఒక తెలివైన పద్ధతి కనిపెట్టారు. పెళ్లి కానుకల కోసం అమెజాన్ సైట్‌లో పెట్టుకునే జాబితా సదుపాయాన్ని వాడుకుని, తమకు కావలసిన పంపులు, టార్చిలైట్లు, డయపర్లు, శుభ్రపరిచే సామగ్రి వంటివి ఎన్ని కావాలో ఆ జాబితాలో పెట్టారు. దాత అక్కడే కొంటాడు, సరుకు నేరుగా పంపిణీ కేంద్రానికి చేరుతుంది, కోరినన్ని అందగానే ఆ వస్తువు జాబితా నుంచి తప్పుకుంటుంది. అడిగినది, అడిగినంత, అడిగిన చోటికి అన్న మూడు షరతులూ అందులో నెరవేరాయి. పెద్ద కంపెనీల్లో కూడా తమకు చేతనైన పనినే విరాళంగా ఇచ్చేవి మెరుగ్గా ఉంటాయి. ఆన్‌హైజర్ బుష్ బీరు కంపెనీ జార్జియాలోని కార్టర్స్‌విల్ కర్మాగారంలో బీరు ఆపి తాగునీటిని డబ్బాల్లో నింపి రెడ్ క్రాస్‌కు పంపడం ఇందుకు ఉదాహరణ.

అన్నిటికీ మించి, సరుకును దూరం నుంచి మోసుకురావడం కంటే దగ్గరలో కొనడమే మేలు. హోసే ఆండ్రెస్ అనే వంటల నిపుణుడు స్థాపించిన వరల్డ్ సెంట్రల్ కిచెన్, మారియా తర్వాత ప్యూర్టోరికోలో 30 లక్షలకు పైగా భోజనాలు వండి పెట్టింది. బయటి నుంచి సిద్ధాహార పొట్లాలు తెప్పించకుండా, శాన్ హువాన్ రెస్టారెంట్ల వంటవాళ్లను, ఫుడ్ ట్రక్కులను, ఒక పెద్ద స్టేడియం వంటశాలను, స్థానిక టోకు వ్యాపారులను కలిపి పనిచేయించడం దాని విజయ రహస్యం. దాంతో తిన్నవారికి తెలిసిన రుచి దొరికింది, వ్యాపారం పోయినవారికి కొంత ఆదాయం దొరికింది. హెలీన్ తర్వాత నార్త్ కరోలినాలో రోడ్లు కొట్టుకుపోయిన ఊళ్లకు కంచరగాడిదల మీద మందులు, ఆహారం చేరవేసినవారూ అక్కడి దారులు ఎరిగినవారే.

చేతికి డబ్బు ఇస్తే

బాధితుడికి ఏం కావాలో అతనికే బాగా తెలుసు కాబట్టి నగదే ఇస్తే సరిపోదా అన్న వాదన బలమైనది. 2005 ఆగస్టు 29న కత్రినా న్యూ ఓర్లీన్స్‌ను ముంచిన తర్వాత రెడ్ క్రాస్ 200 కోట్ల డాలర్లకు పైగా విరాళాలు సేకరించి, అందులో పెద్ద భాగాన్ని దాదాపు 14 లక్షల కుటుంబాలకు నేరుగా ఆర్థిక సహాయంగా పంచింది. అంత వేగంగా పంచినప్పుడు తనిఖీ పలచబడుతుంది. కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ కాల్ సెంటర్‌లో సహాయ దరఖాస్తులు నమోదు చేయడానికి తీసుకున్న తాత్కాలిక ఉద్యోగుల్లో కొందరు, వారి బంధుమిత్రులు తప్పుడు పేర్లతో డబ్బు కాజేశారని పదుల సంఖ్యలో కేసులు నమోదయ్యాయి. విపత్తుల మోసాల మీద అమెరికా న్యాయశాఖ ప్రత్యేక కేంద్రం ఏర్పాటు చేసినది ఆ ఏడాదే. తనిఖీ బిగిస్తే సహాయం ఆలస్యమవుతుంది, వదిలితే కొంత దొంగలపాలవుతుంది. ఈ రెండింటిలో ఏదో ఒక నష్టాన్ని ఒప్పుకోక తప్పదు; మొదటి రెండు వారాల్లో చిన్న మొత్తాల విషయంలో వదులుగా ఉండడమే తక్కువ చెడు అని నేను అనుకుంటాను.

ఎవరికి ఇవ్వాలో ముందే తెలిసి ఉంటే ఈ చిక్కు కొంత తగ్గుతుంది. పేద దేశాల్లో నగదు పంపిణీతో పేరు తెచ్చుకున్న గివ్‌డైరెక్ట్‌లీ, 2017లో హార్వీ హరికేన్ తర్వాత టెక్సస్‌లోని రోజ్ సిటీ అనే చిన్న ఊరిలో కుటుంబానికి 1,500 డాలర్ల కార్డు ఇచ్చింది. హెలీన్ నాటికి పద్ధతి మారింది. ప్రభుత్వ ఆహార సహాయం పొందుతున్న పేద కుటుంబాలు వాడే ప్రొపెల్ అనే యాప్ ద్వారా, నష్టం ఎక్కువగా జరిగిన ప్రాంతాల్లోని కుటుంబాలకు 1,000 డాలర్ల చొప్పున పంపింది. పేదరికం అప్పటికే రుజువై ఉంది, నష్టం పటంలో కనిపిస్తోంది, కాబట్టి కొత్తగా దరఖాస్తులు నింపించనక్కర లేకపోయింది.

ఆన్‌లైన్‌లో ఒక్కొక్క కుటుంబం పేరుతో జరిగే చందాల సేకరణ నగదు సహాయంలోనే మరొక రూపం. అది వేగంగా అందుతుంది, అనుమానం లేదు. కానీ ఎవరికి ఎంత అందుతుందన్నది నష్టాన్ని బట్టి కాక పరిచయాలను బట్టి తేలుతుంది. డాక్టరు స్నేహితులున్న కుటుంబానికీ, తోటి వ్యవసాయ కూలీలు మాత్రమే తెలిసిన కుటుంబానికీ ఒకే మొత్తం రాదు. పన్ను చట్టం కూడా ఈ తేడాను గుర్తిస్తుంది. ఒక వ్యక్తికి ఇచ్చినది కానుక అవుతుంది, దాని మీద ఆదాయపు పన్ను మినహాయింపు ఉండదు. 501(సి)(3) హోదా, అంటే పన్ను చట్టం గుర్తించిన ధార్మిక సంస్థ హోదా, ఉన్న సంస్థకు ఇస్తే మినహాయింపు వస్తుంది గానీ, ఫలానా కుటుంబానికే ఇవ్వాలని దాత షరతు పెట్టకూడదు. అవసరాన్ని విచారించి, నమోదు చేసి, నిర్ణయించే అధికారం సంస్థదే. తుపాను పేరుతో రాత్రికి రాత్రి పుట్టుకొచ్చే నకిలీ సంస్థలను గుర్తించడానికి ఆదాయపు పన్ను శాఖ సైట్‌లో ఆ హోదా ఉందో లేదో వెతకడం, ఆ సంస్థ తన ఆదాయ వ్యయాలతో ఏటా సమర్పించే 990 ఫారం చూడడం చాలావరకు సరిపోతుంది. గిఫ్ట్ కార్డుల రూపంలో విరాళం అడిగేవారిని మాత్రం వెతకనక్కర లేకుండానే వదిలేయవచ్చు.

లోటు పూడ్చే బల్ల

హార్వీ సమయంలో హ్యూస్టన్ ఫుట్‌బాల్ జట్టు ఆటగాడు జె.జె. వాట్ 2 లక్షల డాలర్లు సేకరించాలన్న లక్ష్యంతో ఆన్‌లైన్ చందా మొదలుపెడితే, చివరికి 4 కోట్ల డాలర్లు దాటింది. అతను ఆ మొత్తాన్ని ఒకేసారి పంచేయకుండా, ఇళ్లు బాగుచేసే సంస్థలను, ఆహార నిధులను, పిల్లల సంరక్షణ సంస్థలను ఎంచుకుని, ఏడాది దాటి సాగే పనులకు కేటాయించి, ఖర్చు లెక్కలు బహిరంగంగా చెప్పాడు. హ్యూస్టన్ మేయరు, హ్యారిస్ కౌంటీ (జిల్లా వంటిది) పాలకమండలికి అధిపతి అయిన కౌంటీ జడ్జి కలిసి ఏర్పాటు చేసిన మరొక నిధికి 11 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. ఆ నిధి కూడా విడతలవారీగా స్థానిక సంస్థల ద్వారానే ఖర్చయింది. విమర్శలు రాలేదని కాదు, కానీ తొందరపడకపోవడాన్ని ముందే ప్రకటించినందువల్ల దాతలు అర్థం చేసుకున్నారు.

ఈ ఆలస్యపు డబ్బు అంతిమంగా ఖర్చయ్యే చోటు, బాగా దెబ్బతిన్న ప్రతి కౌంటీలోనూ ఏర్పడే దీర్ఘకాలిక పునరుద్ధరణ బృందం. చర్చిలు, స్వచ్ఛంద సంస్థలు, స్థానిక నిధులు అందులో సభ్యులు. తీరని అవసరాలు పరిశీలించడానికి వీరంతా ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. కేస్ వర్కర్ పేరు చెప్పకుండా ఒక కేసు వివరిస్తాడు: ఇంటామె వయసు ఇంత, ఆదాయం ఇంత, వరద బీమా లేదు, ఫెమా ఇంత ఇచ్చింది, అప్పు తీర్చే స్తోమత లేదు కాబట్టి రుణం నిరాకరించారు, మరమ్మతుకు ఇంకా ఇంత కావాలి. అప్పుడు ఒక చర్చి కలప డబ్బు తనదంటుంది. మెనొనైట్ల ప్రతినిధి వచ్చే నెలలో తమ వడ్రంగులు వస్తారంటాడు. మరొక సంస్థ ఆ వడ్రంగులకు పడక, భోజనం ఏర్పాటు చేస్తానంటుంది. నగదు నిధి ఉన్నవారు చివరి అంకెను పూరిస్తారు. పదీ పదిహేను నిమిషాల్లో ఒక ఇల్లు నిలబడే మార్గం ఖాయమవుతుంది. దీనికి వెనుక కేస్ వర్కర్ కొన్ని నెలలపాటు బీమా కాగితాలు, ఫెమా తిరస్కరణ లేఖలు, అప్పీళ్లు పట్టుకుని తిరిగి ఉంటాడు. అతని జీతాన్ని ‘నిర్వహణ ఖర్చు’గా చూసి చిన్నచూపు చూసే దాతలు ఈ వ్యవస్థలో అత్యవసరమైన మనిషినే కోసేస్తున్నారు. ఆ ఖర్చు ఎంత తక్కువగా ఉంటే సంస్థ అంత మంచిదన్న కొలమానం నాకు ఎప్పుడూ నమ్మదగినదిగా కనిపించలేదు.

ఇంత మంచి బల్ల మీద కూడా డబ్బు లేకపోతే పని జరగదు, ఆ డబ్బు టీవీ కెమెరాల వెంట నడుస్తుంది. 2020 ఆగస్టు 27న లారా, ఆరు వారాల తర్వాత డెల్టా, రెండూ లూయిజియానాలోని లేక్ చార్ల్స్ ప్రాంతాన్నే కొట్టాయి. కోవిడ్, అధ్యక్ష ఎన్నికల వార్తల మధ్య ఆ ఊరికి దక్కాల్సినంత దృష్టి దక్కలేదు. విరాళాన్ని ఒక తుపాను పేరుకు కట్టివేసే దాతల వల్ల ఈ అసమానత ఇంకా పెరుగుతుంది. పేరున్న తుపానుకు నిధి నిండుతుంది, పక్కనున్న పేరులేని తుపానుకు ఆ నిధిని వాడే వీలుండదు. ఎక్కడ అవసరమైతే అక్కడ వాడుకోవచ్చన్న విరాళాన్ని సంస్థలు కోరడానికి ఇదే కారణం. వార్తలు ఆగిపోయిన ఆరు నెలలకు ఒక స్థానిక పునరుద్ధరణ బృందానికి పంపే వంద డాలర్లు ఈ అసమానతను మరింత సూటిగా సరిచేస్తాయి.

దీవుల లెక్క వేరు

ఫెమా, వరద బీమా, రుణాల వరుస అంతా అమెరికా రాష్ట్రాలకూ ప్యూర్టోరికో వంటి దాని భూభాగాలకూ వర్తించేది. కరీబియన్ స్వతంత్ర దేశాలకు ఆ మెట్లు లేవు. 2019 సెప్టెంబరు 1న డోరియన్ గంటకు 185 మైళ్ల గాలులతో బహామాస్‌లోని అబాకో దీవులను తుడిచిపెట్టినప్పుడు, నష్టం ఆ చిన్న దేశం మోయలేనంతగా ఉంది. ఇలాంటి ముప్పు కోసమే కరీబియన్ దేశాలు 2007లో ఉమ్మడి బీమా సంస్థ ఒకటి ఏర్పాటు చేసుకున్నాయి. గాలివేగం, వానపాతం వంటి కొలతలు నిర్ణీత స్థాయి దాటితే, నష్టాన్ని లెక్కించే దాకా ఆగకుండా ప్రభుత్వానికి డబ్బు చేరుతుంది. జమైకా ఇంకొక అడుగు ముందుకు వేసి ప్రపంచ బ్యాంకు ద్వారా 15 కోట్ల డాలర్ల విపత్తు బాండు (నిర్ణీత స్థాయి విపత్తు వస్తే మదుపరుల సొమ్ము దేశానికి దక్కే ఏర్పాటు) జారీ చేసుకుంది. 2025 అక్టోబరు 28న మెలిస్సా ఆ దీవి నైరుతి తీరాన్ని ఐదో శ్రేణి తీవ్రతతో తాకినప్పుడు షరతులు నెరవేరి మొత్తం సొమ్ము ఆ దేశానికి దక్కింది. అయితే అది ప్రభుత్వ ఖజానాకు వెళ్లే డబ్బు. రోడ్లు, ఆసుపత్రులు, విద్యుత్ లైన్లు దాని మీద ముందుగా హక్కు చెబుతాయి. రేకుల పైకప్పు ఎగిరిపోయి, బీమా లేని జాలరి కుటుంబానికి స్వచ్ఛంద సంస్థల సహాయం అక్కడ చివరి మెట్టుగా కాక, చాలాసార్లు మొదటి మెట్టుగానే వస్తుంది.

సముద్రం అడ్డున్న చోట తుపాను వచ్చిన తర్వాత పంపడం ఆలస్యమే కాబట్టి, ముందే పంపి ఉంచడం మరొక మార్గం. డైరెక్ట్ రిలీఫ్ అనే వైద్య సహాయ సంస్థ ఏటా జూన్ 1న హరికేన్ కాలం మొదలయ్యేనాటికి అమెరికా దక్షిణాన ఉన్న గల్ఫ్ తీర రాష్ట్రాల్లోనూ కరీబియన్ దీవుల్లోనూ ఉన్న క్లినిక్‌లకు మందుల పెట్టెలు చేరుస్తుంది. కట్టు సామాను, యాంటీబయాటిక్‌లు, మధుమేహం, రక్తపోటు, ఉబ్బసం మందులు వాటిలో ఉంటాయి, ఎందుకంటే తుపాను తర్వాత క్లినిక్‌కు వచ్చేవారిలో గాయపడినవారితో పాటు రోజూ వేసుకునే మాత్రలు వరదలో పోగొట్టుకున్నవారూ చాలామంది ఉంటారు. ఈ పనికి విరాళం అడగడం కష్టం. చూపించడానికి ఇంకా కూలిన ఇల్లు లేదు, పేరు పెట్టిన తుపాను లేదు. ఆ కాలం నవంబరు 30న ముగిసేదాకా పెట్టె తెరవవలసిన అవసరం రాకపోతే, అందులోని మందులను అదే క్లినిక్ తన మామూలు రోగులకు వాడుకుంటుంది.